పాత పటంలో ‘లోతైన నల్ల బంక నేల’: సర్వే, వాతావరణం, భూస్వరూపం కలిపి దీన్ని ఎలా వర్ణించాలి?

పోస్టు 1 · తేమరేఖ

సభ్యులందరికీ నమస్కారం. ఒక పరివాహక ప్రాంతపు నేలల నివేదికలో ఒక యూనిట్‌ను వర్ణించే పని నాకు అప్పగించారు. 1:2,50,000 స్కేలులో ఉన్న పాత సర్వే పటం ఆ యూనిట్ మొత్తాన్నీ ‘లోతైన నల్ల బంక నేల’ అనే ఒకే పేరుతో చూపుతోంది. అప్పటి సర్వేయర్లు తవ్వించిన గుంతల వివరాలు, ముప్పై ఏళ్ల నెలవారీ వర్షపాతం, ఉష్ణోగ్రతల లెక్కలు, భూమి ఎత్తులను 30 మీటర్ల గడుల్లో చూపే నమూనా నా దగ్గర ఉన్నాయి.

ఇబ్బంది ఏమిటంటే ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. చాలా గుంతల్లో బంక శాతం 50 దాటుతుండగా, మెరక మీద తవ్విన కొన్నింటిలో 40 సెంటీమీటర్లకే మెత్తబడిన బసాల్ట్ తగిలినట్లు రాసి ఉంది; మంద వాలు మీద నేల లోతు మీటరుకు అటూఇటూ, వాగు ఒడ్డున అంతకు మించి ఉంది. ఏడాదికి సగటున 750 మిల్లీమీటర్ల వర్షం, అందులో అత్యధిక భాగం నాలుగు నెలల్లోనే పడుతుంది. ఎత్తుల నమూనాలో పీఠభూమి అంచు, పొడవైన మంద వాలు, వాగు ఒడ్డు మైదానం అనే మూడు భాగాలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇదంతా వర్టిసోల్ (తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే బంక నేలల వర్గం) అని రాసి ఊరుకోవచ్చా, లేక యూనిట్‌నే విడదీయాలా? దేనితో మొదలుపెట్టమంటారు?

పోస్టు 2 · పొరలపఠిత

తేమరేఖ గారూ, గుంతలతోనే మొదలుపెట్టండి. నేల ఎలా ఏర్పడి ఉండవచ్చో ఊహించడానికి వాతావరణమూ ఎత్తుల నమూనా పనికొస్తాయి గానీ, అది ఎలా ఉందో చెప్పేది గుంత గోడే.

వర్టిసోల్ అనడానికి అమెరికా వర్గీకరణ పద్ధతి ప్రధానంగా మూడు షరతులు పెడుతుంది. పై 18 సెంటీమీటర్ల సగటులోనూ, అక్కడి నుంచి 50 సెంటీమీటర్ల వరకు, లేదా ఈలోపు రాయి తగిలితే ఆ రాయి వరకు, ప్రతి పొరలోనూ బంక కనీసం 30 శాతం ఉండాలి. కాలాన్ని బట్టి తెరుచుకుని మూసుకునే నెర్రెలు ఉండాలి. మీటరు లోతు లోపల, కనీసం 25 సెంటీమీటర్ల మందం గల పొరలో స్లికెన్‌సైడ్లు, అంటే మట్టి మీద మట్టి జారి నునుపెక్కిన తలాలు గానీ, పొడవాటి అక్షం క్షితిజ సమాంతరానికి 10 నుంచి 60 డిగ్రీలు వాలి ఉన్న చీలిక ఆకారపు పెళ్లలు గానీ కనిపించాలి.

ఈ షరతుల్లో నలుపు ఎక్కడా లేదు. 1975 నాటి వర్గీకరణలో ఈ నేలలను గ్రేట్ గ్రూప్ స్థాయిలోనే రంగును బట్టి విడదీసేవారు. 1990ల సవరణల్లో ఆ విభజనను తీసేసి, రంగును ఉపవర్గం స్థాయికి దించారు. నలుపు చూసి సేంద్రియ పదార్థం ఎక్కువని రాయడం కూడా నివేదికల్లో తరచూ కనిపిస్తుంది. ఈ నేలల్లో చాలావాటిలో సేంద్రియ కర్బనం ఒక శాతానికి లోపే ఉంటుంది. ఆ కొద్దిపాటి హ్యూమస్ స్మెక్టైట్ అనే ఉబ్బే రకం బంకతో గట్టిగా పెనవేసుకుని ఉండటమే ముదురు రంగుకు ముఖ్య కారణం.

మెరక మీది 40 సెంటీమీటర్ల గుంతలను మాత్రం పక్కకు తీసి పెట్టుకోండి. షరతులు తీరితే పలుచటి వర్టిసోల్ కూడా ఉండవచ్చు గానీ, అంత తక్కువ లోతులో, పైనుంచి బరువు లేని చోట, స్లికెన్‌సైడ్లు ఏర్పడటం అరుదు. అవి పొరలు ఇంకా అంతగా రూపుదిద్దుకోని ఇన్‌సెప్టిసోల్ లేదా ఎంటిసోల్ వర్గంలోకి పోయే అవకాశమే ఎక్కువ.

పోస్టు 3 · వానలెక్క

పొరలపఠిత గారి మాటకు ఒక చేర్పు. గుంత తవ్విన నాటి స్థితినే గుంత చూపుతుంది. ఆ నేల ఏడాదిలో ఎన్నాళ్లు తడిగా, ఎన్నాళ్లు పొడిగా ఉంటుందో వర్గీకరణకు అవసరం. అది వాతావరణ లెక్కలు లేకుండా తేలదు.

ముప్పై ఏళ్ల నెలవారీ లెక్కలు ఉన్నాయంటున్నారు కాబట్టి 1972లో వెలువడిన న్యూహాల్ నమూనాతో నేల తేమ స్థితిని అంచనా వేయవచ్చు. అయితే ముప్పై ఏళ్ల సగటును ఒకే ఏడాదిగా చేసి నమూనాకు ఇవ్వకండి. ఏటికి ఏడు విడిగా నడిపి, ఎన్నేళ్లలో ఏ ఫలితం వచ్చిందో చూడాలి. వర్గీకరణ అడిగేది ‘సాధారణ సంవత్సరం’ గురించి: ఆ ఏటి వర్షపాతం దీర్ఘకాల సగటు నుంచి ఒక ప్రామాణిక విచలనానికి మించి తప్పకూడదు, పన్నెండు నెలల్లో కనీసం ఎనిమిది నెలల వర్షపాతం కూడా ఆయా నెలల సగటుకు అదే హద్దులో ఉండాలి. వర్షమంతా కొద్ది నెలల్లో కురిసే చోట సగటు సంవత్సరం అనేది ఏ సంవత్సరంలోనూ ఉండదు. పొడి నెలకు కొంచెం, తడి నెలకు కొంచెం పంచి అది అబద్ధం చెబుతుంది.

ఉష్ణోగ్రత సంగతి దీనికంటే సులువు. 50 సెంటీమీటర్ల లోతున నేల సగటు ఉష్ణోగ్రత 22 డిగ్రీలు, ఆపైన ఉంటే హైపర్‌థర్మిక్. వేసవి, శీతాకాలాల సగటుల మధ్య తేడా 6 డిగ్రీలలోపు ఉంటే దానికి ముందు ‘ఐసో’ చేరుతుంది. గాలి ఉష్ణోగ్రతకు కొంత కలిపి నేల ఉష్ణోగ్రతను అంచనా వేయడం మామూలే గానీ, ఎంత కలిపారో నివేదికలో రాయండి. ఉష్ణమండలంలో 2.5 డిగ్రీలు కలిపినవారూ ఉన్నారు, అమెరికా లెక్కల అలవాటుతో ఒక్క డిగ్రీతో సరిపెట్టినవారూ ఉన్నారు. 22 దగ్గర ఊగిసలాడే చోట ఈ తేడాతోనే వర్గీకరణలో నేల కుటుంబం మారిపోతుంది.

పోస్టు 4 · పొరలపఠిత

వానలెక్క గారూ, ఉష్ణోగ్రత విషయంలో మీతో ఏకీభవిస్తాను. తేమ విషయంలో మాత్రం ఈ నేల మీ నమూనాకు లొంగదు.

న్యూహాల్ నమూనా అంతా తేమ నియంత్రణ ఖండం అనే భావన మీద నిలబడి ఉంది. పొడి నేల మీద 2.5 సెంటీమీటర్ల నీరు పోస్తే ఒక రోజులో ఎంత లోతు తడుస్తుందో అది పై హద్దు; 7.5 సెంటీమీటర్లు పోస్తే రెండు రోజుల్లో ఎంత లోతు తడుస్తుందో అది కింది హద్దు. నీరు పైనుంచి కిందికి, ఒక తడి అంచుగా దిగుతుందన్నది దీని వెనుక ఉన్న ఊహ. నెర్రెలు విచ్చిన బంక నేలలో తొలకరి వాన నేరుగా నెర్రె అడుగుకు పోతుంది. పైపొరా తడుస్తుంది, నెర్రె అడుగూ తడుస్తుంది, మధ్యలోని పెళ్ల మాత్రం పొడిగానే ఉంటుంది. అందుకే వర్గీకరణ గ్రంథమే ఈ భావన నెర్రెలిచ్చే బంక నేలలకు సరిగా వర్తించదని చెప్పి, వాటి తేమ స్థితిని నెర్రెలు ఎప్పుడు తెరుచుకుంటాయి, ఎప్పుడు మూసుకుంటాయి అనేదాన్ని బట్టి నిర్వచించింది.

నీరు పారించని నేలలో, సాధారణ సంవత్సరాల్లో, 5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన వెడల్పు గల నెర్రెలు, పై 50 సెంటీమీటర్లలో కనీసం 25 సెంటీమీటర్ల మందం మేర, ఏడాదిలో మొత్తం 90 రోజులు లేదా అంతకు మించి తెరిచి ఉంటే అది వర్టిసోల్‌లలో అస్టర్ట్ అనే రకం. వరుసగా 60 రోజులు కూడా మూసుకోని అతి పొడి చోట టోరర్ట్. మధ్యధరా తరహా వాతావరణానికి జెరర్ట్ అని వేరే లెక్క ఉంది. ఇక్కడ కావలసింది నెర్రెల క్యాలెండర్. పాత సర్వేలో అది ఉందా, తేమరేఖ గారూ?

పోస్టు 5 · వానలెక్క

ఆ నిబంధన నాకూ తెలిసినదే. అయినా వాతావరణ లెక్క పనికిరాకుండా పోదు, దాన్ని వాడే తీరు మారుతుంది. నెలవారీ అంకెలు పక్కనపెట్టి రోజువారీ వర్షపాతం సంపాదించండి. పెన్‌మన్–మాంటీత్ సూత్రంతో రోజువారీ బాష్పోత్సేకం (నేల నుంచీ మొక్కల నుంచీ ఆవిరయ్యే నీరు) లెక్కగట్టి, పై అర మీటరు నీటి నిల్వ ఏ తేదీ నుంచి తగ్గుతూ పోతుందో, మళ్లీ ఎప్పుడు నిండుతుందో చూడండి. ఒకే ఒక్క పొడికాలంలో నెర్రెలు తెరుచుకున్న, మూసుకున్న తేదీలను పొలంలో గుర్తించగలిగితే, ఆ తేదీలకు నిల్వ ఎంత ఉందో తెలుస్తుంది. ఆ హద్దుతో మిగతా ఏళ్లను వెనక్కు చదవవచ్చు. క్షేత్ర పరిశీలన ఒక ఏడాదిదే అయినా దాని ఆధారంగా ముప్పై ఏళ్ల క్యాలెండర్ వస్తుంది. ఆ పొలంలో ఏ పైరు ఉందో కూడా రాసుకోవాలి. లోతు వేరు పైరు నీటిని తోడేసిన చేనికీ, బీడుకూ నెర్రెలు ఒక్కలా ఉండవు.

పోస్టు 6 · మెరకపల్లం

నేను భూస్వరూపం వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే తేమరేఖ గారి ప్రశ్నలో అసలు ముడి అక్కడే ఉందని నా అభిప్రాయం. 1930లలో తూర్పు ఆఫ్రికాలో జెఫ్రీ మిల్న్ ఒకే వాలు వెంట పైనుంచి కిందికి నేలలు ఒక క్రమంలో మారుతూ, ప్రతి వాలులోనూ అదే క్రమం పునరావృతమవుతుందని చూసి దానికి కెటీనా అని పేరు పెట్టాడు. మెరక మీద 40 సెంటీమీటర్లు, మంద వాలు మీద మీటరు, వాగు ఒడ్డున అంతకు మించి అన్న మీ గుంతల వరుస అచ్చంగా అదే. నేల కోసుకుపోయిన చోటా, వచ్చి చేరిన చోటా ఒకే నేల ఉండదు.

అయితే 30 మీటర్ల నమూనాను ఎంతవరకు నమ్మాలో ముందే తేల్చుకోవాలి. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో సేకరించిన ఎస్ఆర్‌టీఎం నమూనాకు నిర్దేశించిన ఎత్తు దోషం హద్దు 16 మీటర్లు. చాలా చోట్ల అసలు దోషం అంతకంటే తక్కువే గానీ, పక్కపక్క గడుల మధ్య ఒక్క మీటరు తేడా వచ్చినా వాలు 3.3 శాతంగా లెక్కకొస్తుంది. వాగు ఒడ్డు మైదానపు నిజమైన వాలు ఒక శాతం కూడా ఉండదు. అంటే ఆ భాగంలో వాలు పటం చూపేది చాలావరకు రాడార్ కొలత దోషమే. 1979లో బెవెన్, కిర్క్‌బీ ప్రతిపాదించిన, నీరు ఎక్కడ చేరుతుందో అంచనా వేసే తడి సూచికలో వాలు హారంలో ఉంటుంది కాబట్టి, చదునైన చోట అది ఇంకా అర్థం లేని అంకెలిస్తుంది. అక్కడ సూచికను వదిలేసి, సమీప వాగు నుంచి ఎత్తు ఎంత, దూరం ఎంత అనే మోటు కొలతలు వాడితే మెరుగైన ఫలితం వస్తుంది.

ఇక ఏ 30 మీటర్ల నమూనా చూపించలేనిది గిల్‌గై. ఉబ్బి కుంగే నేల ఉపరితలం మీద చిన్న చిన్న మిట్టలూ గుంటలూ ఏర్పడతాయి. ఒక మిట్ట నుంచి పక్క మిట్టకు కొన్ని మీటర్ల దూరం, మిట్టకూ గుంటకూ ఎత్తు తేడా జానెడు నుంచి మూరెడు. దున్నిన పొలాల్లో ఇది చెరిగిపోతుంది గానీ నేల లోపల తేడా అలాగే ఉంటుంది. మిట్ట కింద సున్నం పైకి తేలి, రంగు లేతగా ఉంటుంది. గుంటలో నీరు నిలిచి సున్నం కిందికి దిగి, రంగు ముదురుగా, కర్బనం కాస్త ఎక్కువగా ఉంటుంది. నాలుగడుగుల దూరంలో తవ్విన రెండు గుంతలు రెండు వేర్వేరు నేలల్లా కనిపించడానికి ఇది చాలు. పాత సర్వేలో పక్కపక్క గుంతలు ఒకదానికొకటి పొసగకపోతే సర్వేయర్‌ను తప్పుపట్టే ముందు దీన్ని ఆలోచించండి.

పోస్టు 7 · గట్టుదారి

నేను నేల శాస్త్రవేత్తను కాను, కాలువలూ పైపులైన్లూ వేసే పనిలో ఉన్నాను. అస్టర్టా, టోరర్టా అన్న చర్చ విని ఆనందించాను గానీ, నివేదిక నా చేతికొచ్చినప్పుడు నేను వెతికేది ఒక్కటే: ఈ నేల ఎంత ఉబ్బుతుంది, ఎంత లోతు వరకు కదులుతుంది? యూనిట్ పేరు చూసి కాలువ లైనింగ్ వేస్తే ఏమవుతుందో పగిలిన పలకలు చూసినవారికి తెలుసు. ఆ అంకె లేని వర్ణన నాకు ఎందుకు?

పోస్టు 8 · బంకమట్టి

గట్టుదారి గారు అడిగిన అంకె ప్రయోగశాలలో దొరుకుతుంది, దాన్ని సరిగా అడిగితే. దాని పేరు కోల్, అంటే మట్టి పొడవు తడికి ఎంత సాగుతుందో చెప్పే గుణకం. మట్టి పెళ్లను 33 కిలోపాస్కల్ చూషణ వద్ద తడిగా ఉన్నప్పుడు ఒకసారి, ఓవెన్‌లో ఎండబెట్టాక ఒకసారి కొలిచి, తడి పొడవును పొడి పొడవుతో భాగించి ఒకటి తీసేయాలి. పొడవులు కొలవడం కష్టం కాబట్టి స్థూల సాంద్రతల నుంచి లెక్కిస్తారు. ఉదాహరణకు తడి పెళ్ల సాంద్రత 1.30, ఎండినది 1.80 అయితే, వాటి నిష్పత్తి ఘనమూలం నుంచి ఒకటి తీసేస్తే సుమారు 0.115 వస్తుంది. అదే విలువ మీటరు మందం మేర ఉంటే నేల కదలిక సామర్థ్యం 11 సెంటీమీటర్లకు పైనే. వర్టిసోల్ కాని నేలకు ‘వర్టిక్’ అనే విశేషణం ఇవ్వడానికి 6 సెంటీమీటర్లు చాలు. ప్రతి పొర కోల్‌ను దాని మందంతో గుణించి కూడిన పట్టికను నివేదికలో పెడితే ఇంజినీరుకూ, వర్గీకరణ చేసేవారికీ పని జరుగుతుంది.

తేమరేఖ గారికి ఒక హెచ్చరిక. పాత నివేదికలో స్థూల సాంద్రత ఒకే ఒక్క అంకెగా ఉంటే, ఏ తేమ వద్ద కొలిచారో తెలియకుండా దాన్ని వాడకండి. ఈ నేలలో 1.3 కూడా నిజమే, 1.8 కూడా నిజమే. అలాగే బంక శాతం. సున్నం, జిప్సం ఉన్న మట్టి చెదరగొట్టే ద్రావణంలో పూర్తిగా విడిపోకపోతే బంక కణాలు గుంపుగా ఉండి పెద్ద కణాలుగా లెక్కకొస్తాయి. లోతుకు పోయేకొద్దీ బంక ఉన్నట్టుండి తగ్గి, అదే పొరలో కేటయాన్ మార్పిడి సామర్థ్యం (మట్టి పట్టి ఉంచగల ధన అయాన్ల మొత్తం) మాత్రం తగ్గకుండా ఉంటే, అనుమానించవలసింది ప్రయోగశాల పద్ధతినే.

ఇంకొకటి, మార్పిడి సోడియం శాతం, అంటే ఆ ధన అయాన్లలో సోడియం వాటా. 15 దాటితేనే చౌడు అనే పాత గీత స్మెక్టైట్ నేలలకు సరిపడదు. భారతదేశపు నల్లరేగళ్లలో 5 దాటిన దగ్గర నుంచే నీరు ఇంకే వేగం బాగా పడిపోయినట్లు కొలతలు ఉన్నాయి. పొడి వాతావరణంలో సున్నం అవక్షేపంగా పేరుకుంటున్నప్పుడు కాల్షియం తగ్గి, బంక మీద సోడియం వాటా పెరుగుతుంది. వానలెక్క గారి వాతావరణం నిజంగా నేలలో చదవదగినదిగా కనిపించేది ఇక్కడే.

పోస్టు 9 · తేమరేఖ

అందరికీ కృతజ్ఞతలు. పొరలపఠిత గారి ప్రశ్నకు సమాధానంగా, మంద వాలు మీది ఒక గుంత వివరాలను పాత రిజిస్టర్ నుంచి ఇక్కడ రాస్తున్నాను.

పై 15 సెంటీమీటర్లు: రంగు 10 వైఆర్ 3/2 (మన్సెల్ రంగుల పట్టికలోని సంకేతం), బంక 52 శాతం, రేణువుల్లా పొడిపొడిగా రాలే మట్టి. 15 నుంచి 45: 10 వైఆర్ 3/1, బంక 55, కోణాకారపు పెళ్లలు. 45 నుంచి 95: అదే రంగు, బంక 57, ‘పెద్ద వాలు పెళ్లలు, మెరిసే తలాలు, తలాల మీద సన్నని గీతలు’. 95 నుంచి 140: రంగు కొంచెం లేత, బంక 54, సున్నపు గులకలు, ఆమ్లం వేస్తే బుడగలు. ఆ కింద మెత్తబడిన బసాల్ట్. నెర్రెల గడి ఖాళీగా ఉంది. స్లికెన్‌సైడ్ అనే పదం ఎక్కడా లేదు. గుంత తవ్విన తేదీ వర్షాకాలం చివరి నెలలో ఉంది.

పోస్టు 10 · పొరలపఠిత

ఆ సర్వేయర్ కన్ను చాలా మంచిది, ఆయన రాసిన మాటల్లోనే సమాధానం ఉంది. మెరిసే తలాలన్నీ స్లికెన్‌సైడ్లు కావు. పక్క పెళ్ల ఒత్తిడికి నునుపెక్కిన తలం కూడా మెరుస్తుంది, నీటితో దిగిన బంక పూత కూడా మెరుస్తుంది. ఒకే దిశలో సాగే సన్నని గీతలు మాత్రం ఒక ముద్ద ఇంకొక ముద్ద మీద జారితేనే పడతాయి. వాలు పెళ్లలు, మెరుపు, గీతలు, ఈ మూడూ 50 సెంటీమీటర్ల మందం మేర ఉన్నాయంటే మూడో షరతు తీరినట్లే. బంక షరతు ఎలాగూ తీరింది.

మిగిలింది నెర్రెలు. వర్షాకాలం చివర తవ్విన గుంతలో నెర్రెలు కనిపించకపోవడం సహజం. ఖాళీ గడిని ‘నెర్రెలు లేవు’ అని చదవకూడదు. అదే చోట ఎండాకాలంలో, ఈసారి మీటరు గుంతగా కాకుండా నాలుగైదు మీటర్ల పొడవు కందకంగా తవ్వించండి. మెరకపల్లం గారు చెప్పిన మిట్టా గుంటా రెండూ ఒకే గోడలో పడతాయి. ఇనుప తీగను నెర్రెలోకి దించి లోతు కొలవండి. నెర్రెలు 45 సెంటీమీటర్ల దగ్గర ఆగుతున్నాయా, లేక స్లికెన్‌సైడ్ల పొరను కోసుకుంటూ కిందికి పోతున్నాయా అన్నది తప్పక రాయండి. తేమ ఎక్కువ ఉన్న చోట్ల నెర్రెలు ఆ పొర పైనే ఆగిపోవడం, పొడి ఎక్కువై అడుగున సోడియం చేరిన చోట్ల ఆ పొరను చీల్చుకుంటూ పోవడం మధ్య భారతపు నల్ల నేలల్లో గమనించిన విషయం.

పోస్టు 11 · శిలావరణం

ఇంతవరకు ఎవరూ మాతృశిలను ప్రశ్నించలేదు. కింద బసాల్ట్ ఉంది కాబట్టి పైన నల్ల నేల ఉంది అన్న తర్కం మంద వాలుకు సరిపోవచ్చు గానీ అది సార్వత్రికం కాదు. అమెరికాలోని టెక్సాస్‌లో పేరుపొందిన హ్యూస్టన్ బ్లాక్ నేల సున్నపు బంక శిలల మీద ఏర్పడింది. సూడాన్‌లోని గెజీరా మైదానపు బంక నీలి నైలు నది ఇథియోపియా బసాల్ట్ ఎత్తుల నుంచి మోసుకొచ్చిన ఒండ్రు. ఆస్ట్రేలియాలోని డార్లింగ్ డౌన్స్‌లో బసాల్ట్ మీదా, దాని నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు మీదా ఇవే నేలలున్నాయి. స్మెక్టైట్ ఉండాలి, లేదా అది పుట్టడానికి కాల్షియం, మెగ్నీషియం, సిలికా కొట్టుకుపోకుండా నిలవాలి. అది ఏ దారిన జరిగినా నేల ఒకేలా ప్రవర్తిస్తుంది. ప్రపంచంలో సుమారు 33.5 కోట్ల హెక్టార్ల వర్టిసోల్‌లు ఇంత భిన్నమైన శిలల మీద ఉండటానికి కారణం అదే.

ఇందులో వాతావరణ లెక్కలకు సంబంధించిన చిక్కు ఒకటుంది. దక్కన్ నల్లరేగళ్లలో ఉన్నంత స్మెక్టైట్ ఇప్పటి పొడి వాతావరణంలో బసాల్ట్ నుంచి పుట్టడం సాధ్యం కాదని, పూర్వం తేమ ఎక్కువగా ఉన్న కాలంలో పుట్టి పల్లాలకు చేరిందని వాదించిన పరిశోధకులున్నారు. ఆ వాదన ప్రకారం, ముప్పై ఏళ్ల వర్షపాతం ఈ నేలలోని సున్నాన్నీ, సోడియాన్నీ, నెర్రెలనూ వివరిస్తుంది, బంకను వివరించదు. తేమరేఖ గారి నివేదికలో ‘ఈ వాతావరణం వల్ల ఈ నేల ఏర్పడింది’ అనే వాక్యం ఉంటే, ఏ లక్షణం గురించి ఆ మాట అంటున్నారో విడదీసి రాయాలి.

వాగు ఒడ్డు గుంతల్లో గులకరాళ్ల వరుస గానీ, ఇసుక శాతంలో ఉన్నట్టుండి మార్పు గానీ ఉంటే అక్కడ ఒండ్రు పొరలు రెండు వేర్వేరు కాలాల్లో పడ్డాయని అర్థం. దాన్ని మంద వాలు నేలతో కలపకండి.

పోస్టు 12 · అంకెలదారి

ఒక చిన్న సందేహం. ప్రపంచమంతటికీ 250 మీటర్ల గడుల్లో నేల లక్షణాలు ఇచ్చే సాయిల్‌గ్రిడ్స్ పటాలు ఉచితంగా దొరుకుతున్నప్పుడు, ఇంత తవ్వకం అవసరమా? బంక, పీహెచ్, కర్బనం అన్నీ అందులో ఉన్నాయి కదా.

పోస్టు 13 · మెరకపల్లం

ఉన్నాయి, వాటితో పాటు అనిశ్చితి పటాలు కూడా ఉన్నాయి. వాటిని తెరిచి చూసేవారు తక్కువ. ఆ పటాలు ఉన్న గుంతల కొలతలకు, వాతావరణ, భూస్వరూప, ఉపగ్రహ సమాచారాన్ని జోడించి యంత్రాభ్యాసంతో వేసిన అంచనాలు. మీ ప్రాంతపు గుంతలు అందులో లేకపోతే, మీరు చూస్తున్నది వేరే చోటి నేల ఆధారంగా చేసిన ఊహ. ఎక్కడ తవ్వాలో నిర్ణయించుకోవడానికి వాడండి. అందులో నెర్రెలూ లేవు, స్లికెన్‌సైడ్లూ లేవు, కాబట్టి ఈ చర్చలోని ప్రశ్నకు అది సమాధానం ఇవ్వలేదు.

పోస్టు 14 · పొరలపఠిత

యూనిట్‌ను విడదీయాలా అన్న మొదటి ప్రశ్న మిగిలిపోయింది. పటం మీద విడిగా గీసి చదవదగిన అతి చిన్న ముక్క వైశాల్యం 0.4 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, 1:2,50,000 స్కేలులో అది నేల మీద 250 హెక్టార్లు. 1:50,000 స్కేలుకు వస్తే 10 హెక్టార్లు. పాత సర్వేయర్లకు మూడు నేలలు తెలియక కలిపేశారని అనుకోవద్దు. వాటిని విడిగా గీయడానికి పటంలో చోటు లేదు. మీరు గీసే పటం 1:50,000 అయితే పీఠభూమి అంచును, మంద వాలును, వాగు ఒడ్డును మూడు యూనిట్లుగా చేయండి. పాత స్కేలులోనే ఉండవలసి వస్తే దాన్ని సంఘం, అంటే వాలును బట్టి విడిపోయే నేలల సమూహం అని పిలిచి, ఒక్కొక్కటి సుమారు ఎంత వాటా ఉందో రాయండి. గిల్‌గై మిట్టా గుంటల్ని మాత్రం ఏ స్కేలులోనూ విడదీయలేరు, అది సంశ్లిష్టం, అంటే పటంలో విడదీయలేనంతగా కలగలిసిన నేలల సమూహం.

పోస్టు 15 · తేమరేఖ

మంద వాలు భాగానికి ముసాయిదా రాశాను. దయచేసి చూడండి.

‘బసాల్ట్ మీద, పీఠభూమి అంచుకూ వాగు ఒడ్డు మైదానానికీ మధ్య, మంద వాలు మీద విస్తరించిన లోతైన బంక నేలలు. సగటు లోతు 118 సెంటీమీటర్లు. బంక 50 నుంచి 60 శాతం. 45 సెంటీమీటర్ల నుంచి మీటరు లోతు మధ్య గీతలు పడిన జారుడు తలాలు, వాలు పెళ్లలు ఉన్నాయి. మీటరుకు దగ్గరలో సున్నపు గులకలు మొదలవుతాయి. రంగు 10 వైఆర్ 3/1 నుంచి 3/2. నెర్రెల వ్యవధి పొడికాలపు పరిశీలనతో నిర్ధారించవలసి ఉంది. అంతవరకు అస్టర్ట్ అన్నది తాత్కాలిక నిర్ణయం. వాలు అంకెలు క్షేత్రంలో క్లైనోమీటర్‌తో కొలిచినవి.’

పోస్టు 16 · బంకమట్టి

బాగుంది. ‘సగటు లోతు 118’ తీసేయండి. అంచు గుంత ఒకటి కలిసినా సగటు జారిపోతుంది, పైగా ఆ లోతుతో ఏ గుంతా లేకపోవచ్చు. కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ గుంతలు పడిన హద్దు, ఈ మూడూ రాయండి. కోల్ పట్టిక వచ్చేవరకు దానికి ఒక ఖాళీ నిలువు వరుస ఉంచి, ‘కొలవలేదు’ అని స్పష్టంగా రాయండి. గట్టుదారి గారు మొదట వెతికేది ఆ వరుసనే.

పోస్టు 17 · గట్టుదారి

అవును, అదే వెతుకుతాను. దానితో పాటు నెర్రె లోతు కూడా రాయండి. పైపు ఎంత కింద వేయాలో నిర్ణయించేటప్పుడు నాకు బంక శాతం కంటే అది ఎక్కువ పనికొస్తుంది.

పోస్టు 18 · వానలెక్క

కందకం తవ్వే ముందే ఆ చోట ఒక వర్షమాపకం పెట్టించండి. సమీప కేంద్రం పీఠభూమి మీద ఉంటే పల్లంలో కురిసిన వానకూ దాని లెక్కకూ పొంతన ఉండకపోవచ్చు. నెర్రెలు మూసుకున్న తేదీని పక్క ఊరి వానతో జత చేస్తే ఐదో పోస్టులో నేను చెప్పిన హద్దు మొదట్లోనే తప్పుతుంది.